పదకొండో నంబరు ఆకలి

ప్రియమైన అక్కకి,

నీ ఫోన్ నిచ్చెన మీంచి పడి పగిలిందని బావ చెప్పాడు. కొత్తది కొనవట, ఇక ఉత్తరాలేనట. పొద్దస్తమానం షాపుల బోర్డులు రాసే చేతికి ఇంకా రాత మీద మోజు తీరలేదా తల్లీ? సరే, రాస్తున్నా.

మా స్కానర్ సిద్ధమైంది. మీ ఊరి పెద్దాసుపత్రిలోనూ ఇలాంటిదే పెట్టారు, అక్కడి ఫొటోలు కూడా మా దగ్గరికే వస్తాయి. మా పద్ధతి ఏమిటంటే, ముందు మమ్మల్ని మేం పరీక్షించుకున్నాకే వేరేవాళ్ళని పడుకోబెడతాం. నన్నూ బోర్లా పడుకోబెట్టి ఛాతీ ఫొటోలు తీశారు. అంతా బాగానే ఉంది, కంగారుపడకు. ఒక్కటే వింత. నా ఎడమవైపు పక్కటెముక ఒకటి చివర రెండుగా చీలి ఉంది. ఆ రోజంతా ల్యాబులో నన్ను 'పంగలకర్ర' అనే పిలిచారు.

రొమ్ములో గడ్డ ఎంత పెద్దదో చెప్పే స్కాన్లు ఎప్పట్నుంచో ఉన్నాయి. మాది, ఆ గడ్డ ఎంత ఆకలిగా ఉందో చూస్తుంది. ఒంట్లో చక్కెర ఖర్చయ్యేటప్పుడు తయారయ్యే ఒక పదార్థాన్ని స్కానర్‌కి బాగా కనిపించేలా మార్చి, చేతి నరంలోకి ఎక్కిస్తాం. ఆ వెలుగు కాసేపే ఉంటుంది. ఆలోపే గడ్డ దాన్ని ఎంత ఆబగా మింగుతోందో ఫొటో తీసెయ్యాలి. కత్తి లేదు, కోత లేదు. మందు పనిచేస్తుంటే గడ్డ చిన్నదవకముందే దాని ఆకలి తగ్గుతుంది.

అమ్మ గడ్డకి అన్ని నెలలు ఎక్కించిన మందు పనిచెయ్యట్లేదని తెలిసేసరికి ఆలస్యమైపోయింది కదా. నేను ఈ పనిలోకి ఎందుకొచ్చానో నీకు చెప్పక్కర్లేదు.

నీ చెల్లి
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

అన్నం తినమంటే ఇల్లంతా పరుగులు పెట్టించిన పిల్లవి, ఇప్పుడు గడ్డల ఆకలి కొలుస్తున్నావటే! నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. మందుల షాపులో, టైలర్ షాపులో కూడా చెప్పుకున్నాను. మా చెల్లెలు కోత లేకుండా మనిషి లోపలికి చూస్తుందని గొప్పలు పోయాను. గర్వంతో నా కళ్ళు నెత్తికెక్కాయి, దిగమన్నా దిగట్లేదు.

ఒక సందేహం. లోపల పడుకున్న మనిషి ఊపిరి తీస్తే ఫొటో చెదిరిపోదూ? బాగా రావాలంటే ఆ మనిషి ఏం చెయ్యాలి? ఊరికే అడుగుతున్నాలే.

కుడిచెయ్యి కాస్త లాగుతోంది. అందుకని చెప్పుల షాపు బోర్డు బావ రాశాడు. ఆ అక్షరాలు ఒకదాని భుజం మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి.

ప్రేమతో
అక్క

*

ప్రియమైన అక్కకి,

సరైన ప్రశ్నే వేశావు. ఊపిరే మా శత్రువు. చాలామంది ఫొటోలు తడిసిన సిరాలా అలుక్కుపోతాయి. ఏం చెయ్యాలంటే, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టి రాయిలా పడుకోవాలి, అంతే.

నిన్న ఒకావిడ ఫొటోలు వచ్చాయి. పేర్లు మాకు చెప్పరు, ఏ ఊరో కూడా చెప్పరు. ఆవిడ మాకు పదకొండో నంబరు. అబ్బ, ఎంత కుదురుగా పడుకుందో! గడ్డ అంచు గీత గీసినట్టుంది. మా ల్యాబు పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడి చూశారు. అంత భయంలో అంత నిబ్బరం ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆవిణ్ణి చూడకుండానే నాకు గౌరవం పుట్టుకొచ్చింది.

గడ్డ మాత్రం మహా ఆకలి మీద ఉంది. స్క్రీన్ మీద భగ్గుమంది. నిన్ననే మందు మొదలుపెట్టారు. కొన్ని వారాలాగి మళ్ళీ స్కాన్ తీస్తారు. పదకొండో నంబరు గెలవాలని రోజూ అనుకుంటున్నాను.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా! పేరు తెలియదు కాబట్టి బతికిపోయావు. అయినా ఆ పదకొండో నంబరు నా బుర్రలోంచి పోవట్లేదు. ఎలా ఉందే ఆవిడ?

మా వీధిలో ఒకావిడకి ఇలాంటి మందే పడుతోంది. జుట్టంతా రాలింది, నోరు పూసింది, మెట్లెక్కితే ఆయాసం. గడ్డేమో తడిమి చూసుకుంటే అలాగే ఉందట. "ఇంత నరకం దేనికి, మానేస్తా" అంటోంది. నాకేం చెప్పాలో తోచట్లేదు. రెండో స్కాన్ సంగతి తెలియగానే రాయి.

అక్క

*

ప్రియమైన అక్కకి,

పదకొండో నంబరు రెండో స్కాన్ వచ్చింది. నేను లెక్క కట్టలేదు. ఆవిడ ఫొటోలు ఇక నేను చూడనని చెప్పేశాను. ఇప్పుడు ఇంతకంటే రాయలేను. మీ వీధిలో ఆవిణ్ణి మాత్రం మందు మానొద్దని చెప్పు. నా మాటగా చెప్పు.

పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నీ నాలుగు ముక్కలు చదివాను. చూడనని ఎందుకన్నావే? అంత ఘోరంగా ఉందా?

ఇక దాచలేను. మా వీధిలో ఎవరూ లేరు. ఫోన్ పగల్లేదు. నా గొంతు వింటే నువ్వు పట్టేస్తావని బావచేత అబద్ధమాడించాను. పదకొండో నంబరు నేనేనే. నా స్కాన్ చీటీ మీద పేరు బదులు ఆ నంబరే వేశారు.

తిట్టుకో, కానీ ఎందుకు దాచానో విను. అమ్మకి బాగోలేనప్పుడు రిపోర్టులు నువ్వే చదివేదానివి. "తగ్గుతోందమ్మా" అనేదానివి. అది అబద్ధం కాదు, ఆశ. నా పేరు తెలిస్తే నా గడ్డలోనూ నీకు ఆశే కనిపిస్తుందని భయపడ్డాను. నాకు నీ ప్రేమ కాదు, నీ కన్ను కావాలి.

కదలకుండా ఉండటం నాకేం గొప్ప కాదు. నిచ్చెన మీద నిలబడి గీత లాగేటప్పుడు ఊపిరి బిగబట్టడం పాతికేళ్ళ అలవాటు. ఆ గొట్టంలో బోర్లా పడుకుని నీ పేరు బోర్డు మీద రాస్తున్నాననుకున్నాను, పెద్ద నీలం అక్షరాలతో.

ఇంకో నాలుగు రోజుల్లో మళ్ళీ మందు ఎక్కించాలి. వెళ్ళాలో వద్దో తెలియట్లేదు. భయంగా ఉంది పిచ్చుకా.

అక్క

*

ప్రియమైన అక్కా,

నాకు తెలుసు. నీ ఉత్తరం రాకముందే తెలుసు.

మొదటిసారి గడ్డ ఒక్కటే చూశాను. రెండోసారి కొలతలకని ఛాతీ మొత్తం తెరిచాను. ఎడమవైపు పక్కటెముక చివర రెండుగా చీలి ఉంది. నాది ఎక్కడ చీలిందో, అచ్చం అక్కడే. ఇలాంటివి ఒక్కోసారి అక్కచెల్లెళ్ళిద్దరికీ వస్తాయి. అదొక్కటే అయితే ఎవరిదో అనుకునేదాన్ని. కానీ పగిలిన ఫోను, లాగే చెయ్యి, ఊపిరి గురించి నువ్వు ఊరికే వేసిన ప్రశ్న, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నీ మీద ఎంత కోపమొచ్చిందో, అంత ఏడుపూ వచ్చింది.

నువ్వు భయపడ్డదే నేనూ భయపడ్డాను. నా కంటికి ఆశే కనిపిస్తుంది. అందుకే లెక్క కట్టకుండా పెద్దాయన దగ్గరికెళ్ళి, ఆవిడ మా అక్కేమోనని చెప్పి తప్పుకున్నాను. నువ్వెవరో తెలియని ఇద్దరు, ఒకరి లెక్క ఒకరు చూడకుండా కట్టారు. ఇద్దరికీ ఒకటే వచ్చింది.

గడ్డ పరిమాణం అలాగే ఉంది, నీ చేతికి తగిలింది నిజమే. కానీ దాని ఆకలి సగానికి పైగా పడిపోయింది. భగ్గుమన్న చోట ఇప్పుడు చిన్న మసక మాత్రమే ఉంది. మందు పనిచేస్తోందక్కా. పూర్తిగా గెలిచామని నేననను, ఇంకా చాలా దూరం ఉంది. అమ్మకి దక్కని కబురు నీకు దక్కింది, అంతవరకు నిజం. పెద్దాయన ఆ లెక్కలు మీ డాక్టరుకి పంపారు. రేపు మందుకి వెళ్ళినప్పుడు అడిగితే ఆయనే చూపిస్తారు.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యట్లేదు. ఇంత మాట చెప్పేటప్పుడు నా గొంతు నిలబడదు కాబట్టి, రాసి నీ చేతికే ఇస్తున్నాను. మందుకి మనిద్దరం కలిసి వెళ్దాం. ఇప్పటికైనా బిగబట్టిన ఊపిరి వదిలి, తలెత్తి నన్ను చూడు.

నీ ఎదురుగా కూర్చున్న
పిచ్చుక