పిచ్చుక గొడుగు ఒప్పందం

గొడుగుల కార్ఖానా నుంచి,
మంగళవారం మధ్యాహ్నం

అక్కకి,

చెల్లెలు నమస్కరించి రాస్తున్నది. బావగారికి కూడా నా నమస్కారాలు చెప్పు. ఇక్కడ మనుషులు బాగున్నారు, కుట్టు మిషన్లు బాగున్నాయి, నేనొక్కదాన్నే బాగాలేను. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో ముందు రాయి. తిట్లు ఆ తర్వాత రాద్దువుగాని.

ఈ ఉత్తరం నీ చేతికిచ్చిన మనిషి పెద్ద దుకాణాల వాళ్ల ఏజెంటు. మీ ఊరి మీదుగానే వెళుతున్నాడట, తనే స్వయంగా ఇస్తానన్నాడు. కవరులో ఉన్న రెండో కాగితం ఒప్పంద పత్రం. దాని మీద నీ సంతకం కావాలి. మన భాగస్వామ్య పత్రంలో, ఏ ఒప్పందమైనా ఇద్దరం సంతకం పెడితేనే చెల్లుతుందని పట్టుబట్టి రాయించావు చూడు, ఆ పుణ్యమే ఇది. లేకపోతే నేను ఇలా కూర్చుని ఉత్తరాలు రాసుకోవలసిన ఖర్మ ఉండేది కాదు.

అతను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నేను రెండు ముక్కలు రాసి లేస్తున్నాను, కిటికీలోంచి అతన్ని చూసి వచ్చి మళ్లీ కూర్చుంటున్నాను. కాలుగాలిన పిల్లిలా తిరగకుండా ఒకచోట కూర్చోమ్మా అని గొణుగుడు బాబాయి విసుక్కున్నాడు. ఊచలు బిగిస్తూ రోజంతా ఆయన గొణిగేది ఎవరికీ అర్థం కాదు గాని, నన్ను తిట్టేది మాత్రం వీధి చివరికి కూడా వినపడుతుంది.

సరే, జరిగింది చెబుతాను. వానలు దగ్గరపడుతున్నాయి కదా, ఇతను వచ్చి మన గొడుగులు చూశాడు. నల్లది పట్టుకుని పిడి మీది పిచ్చుకని వేలితో తడిమాడు. ఇది ఎవరు చెక్కారని అడిగితే మా అక్క చిన్నప్పుడు నాన్న దగ్గర తిట్లు తింటూ చెక్కిందని, ఆ తర్వాత జనమే మా గొడుగులకి పిచ్చుక గొడుగులని పేరు పెట్టారని చెప్పాను. చాలా మెచ్చుకున్నాడు. వాళ్ల దుకాణాలన్నిటికీ ముదురు నీలం రంగులో కావాలన్నాడు. అలా అంటూనే గొడుగు విప్పాడు. విప్పి, నెత్తిమీద పట్టుకుని, రెండడుగులు నడిచి, మూసి నా చేతికిచ్చాడు.

నాన్న కాలం నుంచీ మన కార్ఖానాలో ఆ పని దేనికి గుర్తో నీకు వేరే చెప్పాలా? బేరానికి వచ్చినవాడు తన చేత్తో గొడుగు విప్పి మూశాడంటే మాట అయిపోయినట్టే. పనివాళ్లందరూ తలెత్తి చూశారు. బాబాయి కూడా గొణగడం ఆపాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయక్కా, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆ సాయంత్రమే నీలం బట్ట తాను మొత్తం తెప్పించి కత్తిరింపులు మొదలుపెట్టించాను.

ఆ తర్వాత వచ్చింది ఈ కాగితం. అందులో ఉన్నవీ అతను నోటితో అన్నవీ ఒకటి కావు. ఇదేమిటండీ, మొన్న మీరు గొడుగు విప్పారు కదా అని అడిగాను. అతను నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చిల్లులున్నాయేమోనని విప్పాను గాని మరెందుకండీ అన్నాడు. మన ఆచారం అతనికి తెలియాలని నాకెందుకు తోచలేదో! చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ప్లీడరమ్మకి చూపించాను. ఆవిడ గుర్తుందిగా, ఏటా ఒకే గొడుగు బాగుచేయించుకుంటుంది, కొత్తది కొనమంటే వినదు. కళ్లజోడు పైకి తోసి, కాగితం చదువుతూ ఒక్కోచోట ఆగి నా మొహం చూసింది. వాళ్లు పరీక్ష చేసి బాగున్నాయి అనేదాకా గొడుగులు మనవే, దారిలో తడిసినా విరిగినా మనమే భరించాలి. ఎప్పటిలోగా పరీక్ష చేస్తారో ఎక్కడా లేదు. వానలు వెలిశాక తీరిగ్గా చూసి వద్దంటే, గొడుగులు ఎండలో ఆరబెట్టుకుంటావా అని అడిగింది ఆవిడ. తగాదా వస్తే వాళ్ల ఊరి కోర్టుకే పోవాలి. ఇవన్నీ ఒక ఎత్తు, పిచ్చుక ఒక ఎత్తు. సంతకాలు పడిన రోజు నుంచీ ఆ గుర్తు వాళ్లది. మన గొడుగుల మీద మనం చెక్కకూడదు. ఎదురింటి పంతులమ్మకి ఒక్కటి చేసి ఇవ్వాలన్నా వాళ్లనడగాలి.

అతనికి నేనంటే నమ్మకమేనండీ అని ఆవిడతో వాదించాను. నమ్మకం ఉన్నవాళ్లు రాసుకోవడానికి జంకరు, నమ్మినవి మొత్తం రాస్తారు అంది. గొడుగు విప్పిన సంగతి చెబితే నవ్వలేదు. ఆచారం ఇద్దరికీ తెలిస్తేనే మాట, ఒక్కరికే తెలిస్తే అది ఆశ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నీ మాటల్లాగే ఉన్నాయి మరి.

ఇప్పుడే మళ్లీ లేచి వెళ్లి వచ్చాను. అయిందా అని కిటికీలోంచి అడిగాడు. అయిపోవచ్చిందండీ అన్నాను.

చూడక్కా, నేను నీ అంత తెలివైనదాన్ని కాను, ఒప్పుకుంటాను. కాని ఇక్కడుండి కార్ఖానా లోపలికి తొంగి చూస్తే నీకే తెలుస్తుంది. నీలం ముక్కలు బల్ల నిండా పేర్చి ఉన్నాయి. బట్ట కత్తిరించాక వెనక్కి అతకలేం. కుట్టు అమ్మాయిలు ఈ పని వస్తుందని వేరేచోట పని మానేసి వచ్చారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిచ్చుకదేముంది, కావాలంటే రేపు చిలకని చెక్కుకుందాం, నెమలిని చెక్కుకుందాం. చెయ్యి నీదే కదా, ఎక్కడికి పోతుంది? నాన్న ఉంటే అంత పెద్ద దుకాణాల్లో మన గొడుగులు వేలాడుతుంటే మురిసిపోయేవాడు. కాదంటావా?

నువ్వు ఇక్కడుంటే ఇదంతా నీ నెత్తినేసి నేను హాయిగా పిడులకి మెరుగు పెట్టుకునేదాన్ని. రెండు సంతకాల మాట రాయించినప్పుడు నన్ను నమ్మవా అని గొడవ పెట్టుకున్నాను. నువ్వూ తక్కువ తినలేదు, మాట్లాడకుండా బావగారికి బదిలీ అయిన ఊరికి వెళ్లిపోయావు. ఆ కోపం ఇంకా ఉంది. అయినా ఏదైనా అంటే ముందు నీతోనే అనాలనిపిస్తుంది, ఏం చెయ్యను?

అందుకని ఎక్కువ ఆలోచించకుండా సంతకం చేసి అతని చేతికే ఇచ్చి పంపు. మోకాలికి వేడి కాపడం పెట్టు, మెట్లు ఎక్కకు. బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మీద కోపం తగ్గని
నీ చెల్లెలు

తా.క.

ఉత్తరం మడిచి, అతనికి ఇద్దామని బయటికి వెళ్లాను. నమూనాకి ఇచ్చిన గొడుగు ఒళ్లో పెట్టుకుని, జేబులోంచి బ్లేడు తీసి పిడి మీది పిచ్చుకని గీకేస్తున్నాడు. వాళ్ల దుకాణం బొమ్మతో కలిపి కొత్తగా దిద్దిస్తారట, చోటు సరిపోతుందా లేదా అని చూస్తున్నాడట. చెక్కపొడి ఉఫ్ అని ఊది, ఎలా ఉందండీ అని మర్యాదగానే అడిగాడు. ఒక మాట రాయడం మరిచిపోయానండీ అని లోపలికొచ్చి ఇది రాస్తున్నాను. చిలకా వద్దు, నెమలీ వద్దు.

ఇప్పుడు నిజం చెబుతాను. కాగితం తెరిస్తే ఎలాగూ కనపడుతుంది. అడుగున రెండు గీతలున్నాయి. మొదటి గీత మీద నా సంతకం పొద్దున్నే పడిపోయింది. అతను కలం మూత తీసి పట్టుకుని, కాలు ఆడిస్తూ నిలబడ్డాడు. ఇంత పెద్ద బేరం నేనొక్కదాన్నే తెచ్చానని నీకు చూపించాలనుకున్నాను. పెట్టేశాను. పెట్టాక ప్లీడరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఇద్దరు భాగస్వాముల సంతకాలూ పడితేనే అమల్లోకి వస్తుందని వాళ్ల కాగితంలోనే ఉందట. రెండో గీత ఖాళీగా ఉన్నంతకాలం నా సంతకం ఒట్టి గీతేనట. మీ అక్కకి దండం పెట్టుకో అంది. ఆ మాట నీకు రాయడం ఇష్టంలేక ఇన్ని పేజీలు నింపాను.

ఇది చదివేటప్పుడు అతను నీ ఎదురుగానే కూర్చుని ఉంటాడు. కలం మూత తీసే ఉంటాడు. మొహం మార్చకు. మంచినీళ్లివ్వు. సంతకం మాత్రం పెట్టకు. నీలం బట్ట సంగతి నేను చూసుకుంటాను, బాబాయి కూడా ఆ రంగుకి పిచ్చుక బాగానే నప్పుతుందని ఇందాక గొణిగాడు. ఎందుకు పెట్టవని అతను అడిగితే, నా చెల్లెలు చెప్పినా వినను, నేను మొండిదాన్ని అను. నీ గురించి నేను ఆ మాట ముందే చెప్పి ఉంచాను, నమ్ముతాడు.