నారుకి లైటు, నీ పాత కాలిక్యులేటరు

గ్లెబ్, సూప్ గిన్నె బాల్కనీలో చలికి పెట్టాను, వేడి చేసుకో. కిటికీలో టొమాటో నారుకి నీళ్లు పొయ్యి. సంత నుంచి ఇంకో పాత మెషీన్ తెస్తే వంటగదిలో మాత్రం పెట్టకు. నేను రైల్లో బెర్ద్‌స్క్ వెళ్తున్నా, మా చెల్లి రిమ్మా దగ్గరికి. ఆదివారం వస్తాను.

ముందే కోప్పడకు. పొద్దున నారుకి లైటు పెట్టబోయి నీ కాలిక్యులేటరు ప్లగ్గు పీకేశాను. కరెంటు తీస్తే దాంట్లో ఎక్కించిందంతా పోతుందని గుర్తే లేదు. చంద్రుడి మీద దిగే ఆట మొత్తం పోయింది. ఆట ప్రోగ్రాం రాసిపెట్టుకున్న నీ కాగితం చూసి ఒక్కో బటనూ నొక్కి మళ్లీ ఎక్కించాను. నౌక బాగానే దిగుతోంది, చూసుకో.

ఈ కాలిక్యులేటరుకి కంప్యూటర్లో నువ్వు తయారుచేస్తున్న నకలు కూడా దీనంత నిదానంగానే లెక్క తేల్చాలని, కావాలనే మెల్లగా నడిపిస్తున్నావట. దాని జవాబు కోసం ఎంతసేపైనా కూర్చుంటావు. నేను నోరు తెరిస్తే మాత్రం "తొందరగా చెప్పు, తాయా" అంటావు.

అన్నట్టు, పెళ్లైన కొత్తలో ఇలాంటి కాగితాలు నువ్వు పైకి చదివితే నేను బటన్లు నొక్కేదాన్ని. ఇవాళ నేనే చదువుకుని నేనే నొక్కాను. ఒకచోట తప్పి, "ఆగు, మళ్లీ చదువు" అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు.