రెండో బ్రేకు

మార్చి 11, మంగళవారం

మా పిల్లకి లైసెన్స్ వచ్చింది. మా డ్రైవింగ్ స్కూల్లో నేనే నేర్పాను. దానిది ఇంటింటికీ వెళ్లి ఫిజియోథెరపీ చేసే ఉద్యోగం, మే నెలలో చేరాలి. కారు నడపడం రాకపోతే తీసుకోరు. శుక్రవారం మా ఇంటి కారులో ఒక్కతే వెళ్తుందట. ఆయన సరే అన్నారు. నేనూ సరే అన్నాను. అన్నానే గానీ.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 8

బయల్దేరింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. స్టీరింగ్ వదలకే తల్లీ అనబోయి నోరు మూసుకున్నాను.

మార్చి 16, ఆదివారం, హాస్పిటల్

నర్సు చూడకుండా రాస్తున్నాను.

శుక్రవారం బ్యాంకాయనకి క్లాసు. రిటైరయ్యాక నేర్చుకుంటున్న పెద్దమనిషి, సెకండ్ గేర్ దాటితే దేవుణ్ని తలుచుకుంటాడు. ఫోన్ మోగింది. కొత్త నంబరు. మీ అమ్మాయి కారు గోడకి గుద్దుకుందండీ అని ఎవరో మగగొంతు. కట్టయిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తరు. పిల్లకి చేస్తే ఎత్తదు. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టయింది. ఊపిరి అందలేదు. ఒళ్లంతా చెమటలు. బ్యాంకాయన నా మొహం చూశాడు, మారు మాట్లాడకుండా సెకండ్ గేర్లోనే హాస్పిటల్‌కి తెచ్చి పడేశాడు. దారిపొడుగునా హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

తీరా చూస్తే పిల్లకి నుదుటి మీద చిన్న గీత. అంతే. ఇప్పుడు నేను మంచం మీద, అది కుర్చీలో.

హార్ట్ ఎటాక్ అనుకుని యాంజియో చేశారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయట. డాక్టరమ్మ స్క్రీన్ మీద చూపించింది. భయానికి ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా ఎగదన్నాయట. గుండె అడుగుభాగం కొట్టుకోవడం మానేసి బుడగలా ఉబ్బింది. జపాన్ జాలర్లు ఆక్టోపస్‌లని పట్టే కుండ ఇలాగే ఉంటుందట. చాలామందికి కొన్ని వారాల్లో మామూలైపోతుంది, టెన్షన్ మాత్రం పడకండి అంది. ఎలా పడకుండా ఉండాలో చెప్పలేదు.

మార్చి 20, గురువారం

ఇంటికొచ్చాం. వదిన సాయానికొచ్చింది. ఆయన అక్కగారు కదా, అజమాయిషీ ఎక్కువ. ఫోన్లన్నీ సైలెంట్. అందరూ పిల్లుల్లా నడుస్తున్నారు, నేను గదిలోకి వెళ్తే మాటలు ఆపేస్తున్నారు. ఏం దాస్తున్నారో అని దానికో దడ.

మార్చి 21

చెంచా కింద పడింది. గుండె ఝల్లుమంది. మళ్లీ ఉబ్బిందేమో.

మార్చి 27, గురువారం

పిల్ల ఉద్యోగం వద్దంటోంది. ఇక స్టీరింగ్ ముట్టుకోనంటోంది. నిన్ను చంపేసేదాన్నమ్మా అని ఏడ్చింది. వదిన, మంచి పని, తల్లి కంటే ఉద్యోగం ఎక్కువా అంది. ఎంత ఇష్టపడి చదివింది! గట్టిగా కసరాలనిపించింది. కోపం తెచ్చుకోవాలన్నా భయమే. మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవాళ ధైర్యం చేసి అడిగాను, అసలేం జరిగిందని. పార్కింగ్‌లో గోడ ఎదురుగానే ఉందట. చూసిందట. బ్రేకు పడుతుందిలే అనుకుందట!

అప్పుడర్థమైంది నాకు. స్కూల్ కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఓ బ్రేకు ఉంటుంది. బ్యాంకాయన పక్కన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటాను. పిల్ల పక్కన మాత్రం ప్రతి మలుపులో, అది కాలు కదపకముందే నేను తొక్కేశాను. టెస్టు కూడా ఆ కారులోనే, పక్కన నేనే. ఇంటి కారులో రెండో బ్రేకు లేదు. పిచ్చిది, నా కాలు కోసం ఎదురుచూసింది.

చెప్పేశాను దానికి. మరి నాకు బ్రేకు తొక్కడం నేర్పేదెవరే అంది. దానికి కోపం వస్తే నన్ను ఏమే అంటుంది. ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్ 13, ఆదివారం

ఆయన ఖాళీ మైదానంలో నేర్పుతున్నారు. ఇద్దరూ బయల్దేరినప్పటి నుంచీ నేను గుమ్మంలోనే.

ఏప్రిల్ 22, మంగళవారం

మళ్లీ ఎకో స్కాన్ తీశారు. గుండె మామూలైంది. మళ్లీ రాదు కదా అని వదిన నిలదీసింది. చాలామందికి రాదు, గ్యారంటీ ఇవ్వలేను అంది డాక్టరమ్మ. ఆ గ్యారంటీ లేని మాటే చెవిలో తిరుగుతోంది.

ఏప్రిల్ 26, శనివారం

రేపు వదినని వాళ్లింట్లో దింపాలి. పిల్ల నడుపుతుందట. ఊరు దాటి పెద్ద రోడ్డు. నువ్వూ రావాలంది. రేపు నాకేమైనా అయిందంటే అది జన్మలో కారెక్కదు, ఉద్యోగమూ పోయినట్టే. రానంటే, నమ్మలేదనుకుంటుంది. వస్తానన్నాను, వెనక సీటైతేనే. మాత్రలు బ్యాగులో పెట్టుకున్నాను. ఇంకోసారి చూసుకున్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

దారి గురించి రాయడానికేమీ లేదు. నిద్రపోయాను. అత్త ఇల్లొచ్చిందమ్మా, లే, అని పిల్లే లేపింది.