కత్తెర, గొడుగు, నిచ్చెన

ప్రియమైన అక్కకి,

ఈ ఉదయం ల్యాబులో బర్నరు వెలిగించబోయాను. గ్యాసు వాసన వస్తోంది, చెమ్మగిల్లిన అగ్గిపుల్లలు మూడు గీసినా మంట రాలేదు. నాన్న గుర్తొచ్చారు. మతిమరుపు వచ్చిన ముసలివాళ్ల మెదడు కణాల సంగతీ ఇంతేనట. తిండి అందుతూనే ఉంటుంది, దాన్ని శక్తిగా మార్చుకోలేవు. ఆ మంటని మళ్లీ రాజేయడమే మా కొత్త మందు పని.

మందుని పరీక్షించే జాబితాలో నాన్నకి చోటు దొరికింది! మూడో నెలలో, ఆరో నెలలో పది బొమ్మలు చూపించి పేర్లు అడుగుతారు.

మొన్న వచ్చినప్పుడు ఆ బొమ్మల కాగితం నీ కుట్టుమిషను మీద మర్చిపోయాను. నాన్నకి చూపించకు. చించెయ్యి.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకా,

నిన్న మూడో నెల పరీక్ష. పదికి తొమ్మిది! డాక్టరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. మన దర్జీ నాన్నగారు ఊరుకుంటారా? ఆవిడ కోటు చెయ్యి పట్టుకుని, "ఎవడమ్మా కుట్టింది? కుట్టు వంకర పోయింది" అన్నారు. నవ్వాపుకోలేక చచ్చాను.

వేళకి తిను.

అక్క

*

నా బంగారు అక్కా,

తొమ్మిది అని చదివి మెట్ల మీదే కూర్చుండిపోయాను. నాన్న రక్తంలో మాత్రం మందు పనిచేస్తున్న గుర్తేమీ కనిపించడం లేదు. పొరపాటు రక్తపరీక్షదే అయి ఉంటుంది.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

ఎలా రాయాలో తెలియడం లేదు. నిన్న ఆరో నెల పరీక్షలో బొమ్మలు మార్చేశారు. ఆవుని చూపిస్తే "కత్తెర" అన్నారు. రైలుని చూపిస్తే "గొడుగు". పాత పది పేర్లూ, పాత వరసలోనే. డాక్టరమ్మ నా వైపు చూసింది.

ఆ కాగితం నేను చించలేదే. రోజూ పొద్దున మందు వేశాక ఎక్కాలు చెప్పించినట్టు ఆ పేర్లు చెప్పించాను. మార్కులు తగ్గితే మందు ఆపేస్తారని భయం.

సాయంత్రం తినిపిస్తూ, "నేనెవర్ని నాన్నా?" అన్నాను. వెంటనే "నిచ్చెన" అన్నారు. సరిగ్గా చెప్పానా అన్నట్టు నా మొహంలోకి చూశారు.

మోతాదు పెంచమని అడగవే. నీ మాట వింటారేమో.

అక్క

*

ప్రియమైన అక్కకి,

అడిగాను. మూడో నెలలో మార్కులు తగ్గినవాళ్లకే మోతాదు రెట్టింపు చేశారట. బాగా చెప్పినవాళ్లకి పాతదే. ఆ నియమం మాకెవరికీ ముందు చెప్పలేదు. రెట్టింపు అందినవాళ్లలో ఒకావిడ మొన్న కూతుర్ని పేరు పెట్టి పిలిచిందట. నాన్న పేరు జాబితాలోంచి తీసేశారు. ఇప్పుడు ఎంత మోతాదు ఇచ్చినా ఆరిపోయిన కణాలు వెలగవన్నారు.

శనివారం వస్తున్నాను. అంతవరకు ఆయన "నిచ్చెన" అంటే "ఆఁ, నాన్నా" అను. సరిగ్గానే చెప్పాననుకుంటారు.

నిన్ను నువ్వు తిట్టుకోకు.

నీ పిచ్చుక

సంతకం చేశాక రాస్తున్నాను. ఆ కాగితం నేను మర్చిపోలేదక్కా. కావాలనే పెట్టి వచ్చాను.