పాలకూర మీద ఎర్ర పొడి

అన్నయ్యా,

హయత్‌నగర్ నుంచి నీ చెల్లెలు కుసుమకుమారి దణ్ణం పెట్టి రాస్తున్నది. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి దయవల్ల ఇక్కడ మేమంతా కులాసాగా ఉన్నాం. వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందని తలుస్తాను. ఇన్నాళ్లూ నీకు ఉత్తరాలు రాసింది మా వారే. ఈసారి నేను కలం పట్టడానికి కారణం ఉంది. ఫోన్‌లో చెబుదామంటే పడవల మీద గీకుడు మిషను పట్టీ పట్టీ నీకు చెవులు మందగించాయి. నా గొంతు పక్కగదికి కూడా వినపడదు. కాగితం మీద అయితే ఇద్దరికీ ఇబ్బంది లేదు.

ఉదయలక్ష్మి గురించి అడిగావు. నీ కూతురు బాగానే చదువుకుంటోంది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో చారు నీళ్లలా ఉంటోందట. ఆదివారం పొద్దున్నే మెట్రోలో ఎల్బీనగర్ వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో మా ఇంటికి వచ్చేస్తుంది. పాలకూర పప్పు చేస్తే తలెత్తకుండా తింటుంది.

ఇక మన పడవల మరమ్మతు షెడ్డు సంగతి. నాగార్జునసాగర్ నుంచి లారీ మీద వచ్చిన రెండు టూరిస్టు పడవల్లో ఒకటి పూర్తయింది. కాలుష్యం ఆఫీసు నుంచి వచ్చిన మౌనిక అనే అమ్మాయి చెప్పిన పద్ధతులన్నీ పెట్టాం. పడవ అడుగు ఆరుబయట గీకకూడదట, చుట్టూ టార్పాలిన్ కట్టాలట. మిషనుకు పొడిని పీల్చుకునే సంచి ఉండాలి. కడిగిన నీళ్లు పక్కనున్న మురుగు నాలాలోకి వదలకుండా గుంటలో పట్టాలి. ఆ పొడిని చెత్తబండిలో వేయకుండా మూటకట్టి వాళ్లు చెప్పిన చోటికి పంపాలి. నాచు పట్టకుండా మనం వేసే ఎర్ర రంగులో రాగి ఉంటుందట, అది నాచును చంపి ఊరుకోదట, నీళ్లనూ మట్టినీ కూడా పాడుచేస్తుందట. మా వారు సణుగుతూనే ఒప్పుకున్నారు. మన పనివాడు శేఖర్ మిషనుకు సంచి తగిలించి, "అమ్మా, గిది పడవ పని లెక్క లేదు, ఇల్లు ఊడ్చినట్టే ఉంది" అని నవ్వాడు. నవ్వినా మాస్కు మాత్రం తీయలేదు.

నువ్వేమో ఆఫీసువాళ్లు వచ్చినప్పుడు తాళం వేసి, ఆదివారాలు పాత పద్ధతిలోనే గీకించమన్నావు. అది జరగదు అన్నయ్యా. ఇంకో మాట కూడా రాశావు. మన మీద ఆఫీసువాళ్లకు చెప్పింది లచ్చమ్మే అయ్యుంటుంది, మన స్థలం మూలన ఆమె కూరమళ్లు ఖాళీ చేయించమని. మా వారూ అదే అంటున్నారు. అమావాస్య వెళ్లగానే చెప్పేస్తారట. నల్గొండ పల్లె నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఆ మూలనే నమ్ముకుని బతుకుతోంది. అది పోతే ఆమెకు ఇంకో ఆధారం లేదు.

మన ఇంటి ఆచారం నీకు తెలుసు. పడవను బోర్లించగానే మొదట గీకిన ఎర్ర పొడిని ఇంటి ఆడపడుచు గంగమ్మ తల్లి బొట్టుగా నుదుట పెట్టుకుంటుంది. మిగతాది గాలికి పోతుంది. మన కాకినాడ ఒడ్డున అది ఎటు పోయిందో ఎవరూ చూడలేదు. ఇక్కడ గాలి లచ్చమ్మ మళ్ల మీదికి వీస్తుంది. ఇంతకుముందు వచ్చిన పడవప్పుడు నేను ఆ బొట్టుతోనే పాలకూర కొనడానికి వెళ్లాను. ఆమె నా నుదురు చూసి, "కుసుమమ్మా, ఓడ బొట్టు నువ్వు వెట్టుకుంటె నీకు పున్నెం. నా పాలకూరకు గూడ వెట్టిండ్రు, గిప్పుడు దాన్ని ఎవ్వలు కొంటరు?" అంది. నవ్వుతూనే అంది. ఇంటికి వచ్చి కూర కడిగితే పళ్లెం అడుగున ఎర్ర మడ్డి దిగింది. వేలితో తీసి చూశాను. నా నుదుట ఉన్నది అదే. ఉదయకు వండాల్సిన కూర అది. పారేశాను.

మా వారికి చెప్పాను. "మన నాలా ఏమన్నా గోదావరా?" అన్నారు. మళ్లీ చెప్పాను. విననట్టే లేచి వెళ్లారు.

ఆ మంగళవారం గుడిలో ప్రదక్షిణలు చేసి తిన్నగా ఇంటికి రాలేదు అన్నయ్యా. బస్సెక్కి ఆ కాలుష్యం ఆఫీసుకు వెళ్లాను. మనవాళ్ల మీద చెప్పాలా వద్దా అనుకుంటూ బెంచీ మీద కూర్చున్నాను. మౌనిక వచ్చి, "ఎవరి షెడ్డమ్మా?" అని అడిగింది. "మాదేనమ్మా" అన్నాను.

చెప్పింది లచ్చమ్మ కాదు. నేను.

కోపం వస్తే నా మీద చూపించు. స్థలం నీది. ఆడపడుచునైనా నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ మూల లచ్చమ్మకే ఉండనీ. ఈసారి పడవ బోర్లించినప్పుడు మొదటి పొడి కూడా సంచిలోకే పోయింది. కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు మిషనుకు పెట్టాను. గంగమ్మ నీళ్ల తల్లి. నీళ్లను పాడుచేసే బొట్టు ఆ తల్లి అడగదు.

మా వారికి ఇంకా తెలియదు. అమావాస్య రాకముందే ఒకనాడు భోజనం పెట్టి, ఎదురుగా కూర్చుని చెబుతాను. ఈసారి వినపడేలా చెబుతాను. ఆయన ఇది నా నోటి నుంచే వినాలి. అందుకని ఈ కాగితాలు నీ పెట్టెలో దాచుకో, ఎవరికీ చూపించకు, వదినకు కూడా. లచ్చమ్మ పేరు మళ్లీ నీ నోటిదాకా వచ్చినప్పుడు నువ్వొక్కడివే తీసి చదువుకో.

ఇట్లు,
మన ఇంటి ఆడపడుచు,
నీ చెల్లెలు కుసుమ