పిల్లి అన్నాను, పెళ్లి అని విన్నారు

మార్చి 3, మంగళవారం

ఫోన్‌లో పెద్దమ్మతో నేనన్నది ఒక్కటే. ఇంట్లో పిల్లి గోల ఎక్కువైంది, త్వరగా ఏదో ఒకటి చెయ్యాలి అన్నాను. పెద్దమ్మకి చెవి మందం. పెళ్లి అని విన్నది. సాయంత్రానికల్లా అమ్మకి ఫోన్ చేసి, పిల్ల నోరు తెరిచి అడిగేదాకా ఊరుకున్నావటే అని నిలదీసిందట.

నేను విషయం చెప్పాను. రెండుసార్లు. అమ్మ నవ్వలేదు. పిల్లి నెపంతో మనసులో మాట బయటపడిందేమోలే అంది. అన్నయ్య పడీపడీ నవ్వి, అప్పట్నుంచీ నన్ను పిల్లికూతురా అని పిలుస్తున్నాడు.

ఎవరెవరివో రికార్డింగులు విని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేసే ఉద్యోగం నాది. ఈ ఇంట్లో నా ఒక్క వాక్యం సరిగ్గా వినే నాథుడు లేడు.

మార్చి 4

దొరగారికి పుట్టుచెవుడు. తెల్లగా ఉంటుందని ఆ పిల్లికి ఆ పేరు పెట్టాను. తన అరుపు తనకే వినపడదు కాబట్టి అంత గట్టిగా అరుస్తారు. పొద్దస్తమానం బాల్కనీ తలుపు గీకడమే పని.

ఇవాళ అమ్మ బట్టలారేయడానికి తలుపు తీసింది. రెప్పపాటులో దొరగారు రెయిలింగ్ మీద ఉన్నారు. మూడో అంతస్తు. పిలిస్తే వినపడదు, పరిగెత్తితే బెదురుతారు. ఆ నాలుగడుగులూ ఎలా నడిచానో నాకే తెలీదు. రెండు చేతులతో ఒడిసిపట్టుకుని లోపలికొచ్చి తలుపు గడియ పెట్టాను.

మార్చి 6

తాడు కట్టి బయట తిప్పుదామని ఒంటికి పట్టీల హార్నెస్ తొడిగాను. దొరగారు పక్కకి ఒరిగి, ప్రాణం పోయినట్టు పడుకున్నారు. అరగంట. నాకూ పడుకోవాలనిపించింది. పడుకున్నాను.

మార్చి 7

పావురాల వల కట్టే అతను వచ్చాడు. ఈ నైలాన్ పావురాన్ని ఆపుతుందిగానీ మేడం, పిల్లి రెండ్రోజుల్లో కొరికేస్తుంది అని నిజం చెప్పి, బేరం పోగొట్టుకుని వెళ్లాడు. ఇనప మెష్ పెట్టిద్దామంటే అసోసియేషన్ సెక్రటరీ గోడకి డ్రిల్లింగ్ కుదరదన్నాడు. బిల్డింగ్ అందం పోతుందట. ఆయన బాల్కనీలో మూడు విరిగిన కుర్చీలు, ఒక పాత కమోడ్ ఉన్నాయి.

మార్చి 10

పెద్దమ్మ ఊరుకోలేదు. సంబంధం చూసింది. ఆదివారం పదకొండింటికి వస్తారట.

అబ్బాయి తల్లికి పిల్లులు పడవట, తుమ్ములట. అందుకని శనివారమే దొరగార్ని బాబాయి గోడౌన్‌కి పంపెయ్యాలట. మళ్లీ తెచ్చేది లేదట. బయటికేగా పోతానంటోంది, అక్కడ కావలసినంత బయట అంది అమ్మ.

అక్కడ గంటకో లారీ రివర్స్ అవుతుంది. హారన్ వినపడని పిల్లి ఎన్నాళ్లుంటుందమ్మా అన్నాను. శుభమా అని సంబంధం వస్తుంటే ఆ మాటలేంటే అంది.

మార్చి 12

వెల్డర్ వచ్చాడు. అసలు డ్రిల్లింగే అక్కర్లేదట. నేలకీ పైకప్పుకీ మధ్య గొట్టాలు బిగించి, వాటికి మెష్ కట్టేస్తాడట. దొరగారు తల దూర్చే సందు కూడా ఉండదట. సెక్రటరీ నోరు మూతపడింది.

టేపు పట్టి కొలుస్తూ పెళ్లెప్పుడండీ అన్నాడు. ఉలిక్కిపడి, మీకెవరు చెప్పారు అని కసిరాను. బిక్కమొహం వేసుకుని, పిల్లెక్కడండీ అన్నానండీ అన్నాడు.

ఇప్పుడు నాకే అలా వినపడుతోంది.

అతనికి ఆదివారం తప్ప ఖాళీ లేదు. పదిన్నరకి మొదలుపెడితే రెండవుతుందట.

మార్చి 14, శనివారం

బాబాయి వ్యాన్ తెచ్చాడు. దొరగార్ని తీసుకుని గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాను.

తలుపు తియ్యవే, నలుగురిలో పరువు తియ్యకే అని అమ్మ. అన్నయ్య ఈసారి నన్ను పేరు పెట్టి పిలిచాడు, అంటే సీరియస్సే. నాకు లోడింగ్ టైమైంది వదినా, మీరూ మీరూ తేల్చుకోండి అని బాబాయి వెళ్లిపోయాడు.

అమ్మ గొంతు తగ్గించి చివరి మాట చెప్పింది. రేపు ఈ గడపలోకి ఆ వెల్డరైనా రావాలి, వాళ్లయినా రావాలి, ఎవరో నువ్వే చెప్పు అని. నేను గడియ తియ్యకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాను. దొరగారు నా ఒళ్లో గుర్రు పెడుతున్నారు.

మార్చి 15, ఉదయం ఎనిమిదింపావు

వెల్డర్‌ని రమ్మన్నాను. అబ్బాయి వాళ్లకి నేనే ఫోన్ చేసి రావద్దని చెప్పాను. అమ్మ స్నానం చేసి వచ్చాక చెప్తాను.