ఎర్రదారం కట్టిన పీపా

ఇరాన్ దేశంలో ఉర్మియా పట్టణానికి ఉత్తరాన, ఏటిగట్టు పక్క మా ఊళ్ళో కాపురమున్న, కీర్తిశేషులు తమ్రాజ్ గారి భార్య షూషాన్ అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, నా వారసులకూ, ఈ వీలునామాను అమలు జరపవలసిన పాదిరీ ఖోషాబా గారికీ రాయించి ఇస్తున్నది ఏమనగా:

గడ్డ నా కడుపులో ఉంది, బుర్రలో లేదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, యాపిల్ కల్లు పోసి సంతకం పెట్టించుకోనూ లేదు. ఈ ఇంట్లో కల్లు పోసేదాన్ని నేనే. వచ్చే యాపిల్ పూత చూడనని డాక్టరు చెప్పాడు కనుక, నాకున్న స్థిరచరాస్తులను నా ఇష్టప్రకారం పంచుతున్నాను.

నన్ను పూడ్చాక, సంస్మరణ భోజనానికి ముందు రోజు సాయంత్రం, మా ఇంటి ముంగిట్లో అందరి ముందూ ఈ కాగితం పైకి చదవాలి. ఒకచోట ఆపమని రాశాను. అక్కడ ఆపాలి. పాదిరీ గారూ, మీరు ప్రార్థనల్ని కూడా పరుగులు పెట్టిస్తారు, అందుకే ముందే చెబుతున్నాను.

1. నన్ను తమ్రాజ్ పక్కన, అతనికి ఎడమవైపున పెట్టాలి. బతికున్నన్నాళ్ళూ అటువైపే పడుకున్నాను. ఏడుపులకు మనుషుల్ని పిలిపించకండి. ఏడవాలనుకున్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఏడుస్తారు.

2. నా చెల్లెలి కూతురు మార్గనీతకు, నేలమాళిగలోని సామానంతా సర్వహక్కులతో చెందాలి. అనగా: లారీ జాకీతో చేసిన యాపిల్ పిండే చట్రం, పాత బట్టల మిషను డ్రమ్ముకు మేకులతో చిల్లులు పొడిచి తమ్రాజ్ చేసిన తురుము యంత్రం, ఊరగాయలు వచ్చిన నీలం డ్రమ్ములన్నీ, పీపాలన్నీ, బార్లీ ఉడకబెట్టే పెద్ద డేగిసా, వడగట్టే తెరగుడ్డలు. ఆ గుడ్డలు నా పెళ్ళినాటి కిటికీ తెరలు. పువ్వులు ఇంకా కనపడతాయి.

మొదటిసారి నేలమాళిగలోకి దిగినప్పుడు మార్గనీత ముక్కు మూసుకుని, "పెద్దమ్మా, ఇది కల్లు తీసే చోటా, పాత ఇనుము కొట్టా?" అంది. ఆ ఏడాదే పని నేర్చుకుంది. బార్లీ మొలకలను రొట్టెల పొయ్యి గట్టు మీద ఎంతసేపు ఆరబెట్టాలో వాసన చూసి చెప్పగలదు. కొత్త రసంలో పాత మడ్డి ఎంత కలపాలో చేత్తోనే తెలుసుకుంటుంది. నా తర్వాత ఆ చేతినే నమ్ముతాను.

డ్రమ్ము మూతలోంచి బయటికొచ్చే సన్నటి గొట్టాన్నీ, దాని కొస ముంచే నీళ్ళ సీసానూ విడిగా రాస్తున్నాను. అవి పారేయకు తల్లీ. గాలి బయటికి పోతూ ఆ సీసాలో బుడగలు పలుకుతుంటే తమ్రాజ్ మంచం మీదినుంచి వినేవాడు. "మన పిల్లలు మాట్లాడుకుంటున్నారే" అనేవాడు. మాకు పిల్లలు లేరు.

3. మజ్జిగ అమ్మే ప్లాస్టిక్ సీసాలన్నీ చర్చి ఆడవాళ్ళకు. బార్లీ బీరు పోశాక రోజూ బొటనవేలితో నొక్కి చూడండి. సీసా రాయిలా గట్టిపడితే మూత కొంచెం వదులు చేయండి. గాజు సీసాల జోలికి పోవద్దు. గాజు పేలితే ఏమవుతుందో మా అత్తగారి చెంప మీద గాటు చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

4. మా గోడ పక్క సాల్బీకి ఏమీ రాయడం లేదు. తమ్రాజ్ పోయిన నాటినుంచీ ఆవిడ నీళ్ళ దగ్గరా, రొట్టెల దగ్గరా, "షూషాన్ కల్లే మొగుణ్ణి మింగింది" అని చెబుతూ తిరిగింది. నా డేగిసా తీసుకుని అడుగు మాడ్చి తిరిగిచ్చిన మనిషి, నా కల్లుకు వంక పెట్టింది! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. అయినా ఏమీ రాయకపోవడానికి కారణం అది కాదు. అది చివర్న తెలుస్తుంది.

5. ఇప్పుడు తమ్రాజ్ సంగతి. పిల్లలు కూడా వినండి, ఎవరినీ లోపలికి పంపకండి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది, మా అత్తగారి అత్తగారి నాటిది. ఊరి పునీతుడి పండుగకని పక్కన పెట్టిన యాపిల్ కల్లు పీపా మూతికి ఎర్ర ఉన్నిదారం కడతాం. దాన్ని ఎవరూ ముట్టరు. పండుగ ముందు రోజు సాయంత్రం ఇంటి పెద్ద ఆ దారం తెంపి, నిలబడి, రెండు గ్లాసులు తాగుతాడు. మర్నాడు పొద్దున గుమ్మంలోకి వచ్చి, సూర్యుణ్ణి చూసి, "బాగుంది" అంటాడు. అప్పుడే ఊరికి పోస్తాం. చావుభోజనానికీ ఇదే పద్ధతి.

రెండేళ్ళ కిందటి పండుగకు నేలమాళిగలో రెండు పీపాలకు ఎర్రదారం ఉంది. నేను కట్టింది ఒక్కదానికే. తమ్రాజ్ మెట్లు దిగి చూసి, "ఈసారి జనం ఎక్కువని రెండు పెట్టినట్టుంది మీ పెద్దమ్మ" అని మార్గనీతతో అన్నాడట. చేతికి దగ్గరగా ఉన్నదాన్ని తెంపాడు. నిలబడి రెండు గ్లాసులూ తాగాడు. ఘాటుగా ఉందని సంతోషపడ్డాడు కూడా, పిచ్చి మారాజు.

పొద్దున ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. "షూషాన్, దీపం పెట్టవే, ఇంకా తెల్లారలేదు" అన్నాడు. నేను అతని ముఖం ముందు చెయ్యి ఆడించాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. మర్నాడు ఆసుపత్రిలో పోయాడు.

ఇంకెవరూ నోట పెట్టకూడదని ఆ పీపాను నేనే తన్ని దొర్లించాను. కల్లంతా మట్టిలో ఇంకిపోయింది, దాంతోపాటు రుజువూ పోయింది. ఊరు నన్ను అనుమానంగా చూసింది. నా ఇంటి గ్లాసు అందుకోవడానికి చేతులు వెనకాడాయి. యాపిల్ రసం పులిస్తే కైపు ఎక్కుతుంది, మరీ పులిస్తే వెనిగర్ అవుతుంది, ఎక్కువ తాగితే కడుపు కదులుతుంది. కళ్ళు పోవు! నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ఎవరు విన్నారు?

6. నా మంచం కింద గుడ్డ మూటలో రెండు వస్తువులున్నాయి. వాటిని పాదిరీ గారి స్వాధీనం చేస్తున్నాను.

ఒకటి, తమ్రాజ్ తెంపిన దారం. నాది ఉన్ని, నా చేత్తో వడికి రంగు వేసింది. అది నైలాన్‌ది, పట్నంలో మిఠాయి పెట్టెలకు కడతారు. ఆ పండుగకు మా ఇంటికి మిఠాయి తెచ్చినవాడు ఒక్కడే. అతను తెచ్చిన పెట్టె దారం లేకుండా వంటింట్లో కనిపించింది.

రెండోది తెల్ల డబ్బా. కొన్నాళ్ళకు యాపిల్ పిప్పి కుప్ప తిరగేస్తుంటే పారకు తగిలింది. రంగుల పనివాళ్ళు వాడే స్పిరిట్, తాగితే ముందు పోయేవి కళ్ళే. అప్పటికి సగం ఉంది. పోలీసుల దగ్గరికి ఎందుకు పోలేదంటారా? క్రైస్తవులం మా ఇంట్లో మేం తాగడానికి చేసుకుంటే ఎవరూ అడగరు, ఊరు దాటించి అమ్మితే జైలు. వాళ్ళు మొదట దిగేది మన నేలమాళిగల్లోకే. ఒక్కడి కోసం ఊరంతా కటకటాలు లెక్కపెట్టాలా?

ఆ డబ్బా ఇప్పుడు ఖాళీ. దానిలోది ఎక్కడికి పోయిందో ఈ సాయంత్రం చెప్పను.

7. మా మరిది కొడుకు రామ్సిన్‌కు. నాయనా, ముందుకు వచ్చి నిలబడు.

మీ నాన్న చిన్నప్పుడే పట్నం చేరాడు. నువ్వు అక్కడే పెరిగావు. దారం కట్టినది ముట్టకూడదని నీకు తెలుసు, ఎవరు తెంపుతారో తెలియదు. "పెద్దమ్మా, నీ కల్లు పాలలా ఉంది. పట్నంలో జనానికి కిక్కు కావాలి" అని ఎన్నిసార్లు అన్నావు! కిక్కు కోసం నువ్వు స్పిరిట్ కలిపిన ఆ పీపాను పట్నం బండి వచ్చేదాకా ఎవరూ కదపకుండా ఎర్రదారం కట్టావు. బండి ఆలస్యమైంది. పెదనాన్నను చంపాలని నీకు లేదు, అది నాకు తెలుసు. పట్నంలో ఎవరో ముఖం తెలియనివాళ్ళు పోతే నీకు పట్టేది కాదు, అదీ తెలుసు.

శవపేటిక మోసినప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చావు. నేను అడిగితే, "వయసు మీద పడింది పెద్దమ్మా, ఏవేవో ఊహించుకుంటున్నావు. మంచి డాక్టరుకు చూపిస్తాలే" అన్నావు. పోనీ అక్కడితో ఆగావా? పోయిన శరత్తులో టేపు పట్టుకుని నా నేలమాళిగ గోడలు కొలిచావు. నీ కారు వెనక అలాంటివే తెల్ల డబ్బాలు మార్గనీత చూసింది. పట్నంలో దొంగతనంగా అమ్మే సీసాల మీద "షూషాన్ పెద్దమ్మ కల్లు" అని నా పేరు రాయిస్తున్నావట. నా పేరు తాగి ఇంకెంతమంది పొద్దున్నే దీపం అడగాలిరా?

తమ్రాజ్ వంశంలో మిగిలిన మగవాడివి నువ్వే కనుక, ఇప్పటి నుంచి ఈ ఇంటికి పెద్దవు నువ్వు. నా చావుభోజనానికి నేను పెట్టిన పీపా నేలమాళిగలో ఉంది, మూతికి ఎర్రదారం ఉంది. తాళంచెవి ఇన్నాళ్ళూ పాదిరీ గారి దగ్గరే ఉంది. పీపాను ఇప్పుడు పైకి తెప్పించండి.

రామ్సిన్‌కు మూడు దారులు ఇస్తున్నాను.

తమ్రాజ్ తాగిన పీపాలో ఏముందో, ఎవరు పోశారో తన నోటితో అందరి ముందూ చెబితే, ఈ పీపాను నేలపాలు చేయండి. ఇల్లు అతనికి చెందుతుంది. తోట మార్గనీతది.

చెప్పకుండా, పద్ధతి ప్రకారం దారం తెంపి, నిలబడి రెండు గ్లాసులు తాగితే, ఇల్లూ తోటా రెండూ అతనివే.

చెప్పకా, తాగకా గుమ్మం దాటితే, సర్వమూ మార్గనీతది. నా సమాధి మీద అతని చేతి మట్టి పడకూడదు. పడి ఉంటే తీసి పారేయండి.

ఎవరూ బలవంతం చేయకండి. ఎవరూ అడ్డుపడకండి. రామ్సిన్, గ్లాసు కడిగించుకుని మరీ పట్టుకో.

పాదిరీ గారూ, ఇక్కడ ఆపండి. కాగితం మడిచి జేబులో పెట్టుకోండి. ఎవరెంత బతిమాలినా తీయకండి. మిగతాది రేపు సూర్యుడు గోడ పైకి వచ్చాక చదవండి.

8. తెల్లవారింది కదా.

డబ్బాలోది ఏటి అవతల బంజరులో గొయ్యి తవ్వించి పోయించాను. పీపాలో మా పెరటి యాపిల్ రసం తప్ప ఏమీ లేదు. నా చావుకు వచ్చినవాళ్ళకు విషం పెడతానా? ఇంతకాలం నా చేతి గ్లాసు తాగినవాళ్ళు నన్ను అంతమాత్రమే ఎరుగుదురా?

రామ్సిన్ నిజం చెప్పి ఉంటే, ఇల్లు తీసుకో నాయనా. ఒక్క రాత్రి ఆలస్యంగా కాదు, రెండేళ్ళు ఆలస్యంగా చెప్పావు. ఆ మంచం మీద పడుకోగలిగితే పడుకో.

పారిపోయి ఉంటే, ఊరికి నేను చెప్పవలసింది ఇంక లేదు. పట్నంలో నా పేరున్న సీసా ఎవరి చేతిలో కనపడినా లాక్కుని పారబోయండి. ఈ బరువు మీ అందరి మీదా పెడుతున్నాను.

తాగి ఉంటే, నేను పొరబడి ఉండాలి, క్షమించు. లేదా నలుగురి ముందు నోరు విప్పడం కంటే గుడ్డివాడివై చావడమే నయమనుకుని ఉండాలి. అదేదో నీకు తెలుసు, రాత్రంతా నీ ముఖం చూసినవాళ్ళకూ తెలుసు. రాసిన మాట రాసినట్టే, ఇల్లూ తోటా నీవి. నేలమాళిగలో మాత్రం నీకు మిగిలేవి గోడలే, సామానంతా రెండో అంశం కింద పోయింది. ఎలాగైతేనేం, ఈ పొద్దున నువ్వు గుమ్మంలో నిలబడి సూర్యుణ్ణి చూశావు. నా తమ్రాజ్ చూడలేదు.

ఇక అందరికీ పోయండి.

ఇందులో రాసినదంతా నాకు చదివి వినిపించగా విని, సరేనని, వేలిముద్రతో కాక నా చేతితో సంతకం చేస్తున్నాను.

2019 ఫిబ్రవరి 8, శుక్రవారం, రాత్రంతా మంచు పడి వెలిశాక.

(సంతకం) షూషాన్, తమ్రాజ్ భార్య

సాక్షులు: వీలునామాలో లాభం పొందేవారు సాక్ష్యం చేయరాదు కనుక మాకు ఇందులో ఏమీ రాయలేదు. పైన చెప్పిన పీపాలోంచి షూషాన్ తోడి ఇవ్వగా నిన్న సాయంత్రం చెరి రెండు గ్లాసులు తాగాము. ఈ పొద్దున సూర్యుణ్ణి చూసి, మూతికి మళ్ళీ దారం కట్టి, నేలమాళిగకు తాళం వేసి, తాళంచెవి పాదిరీ గారికి ఇచ్చి సంతకాలు చేస్తున్నాము.

1. తూమా, వెల్డింగు పనివాడు

2. సాల్బీ, గోడ పక్క ఇల్లు. మొదటి గ్లాసు నేనే అడిగి తీసుకున్నాను. బాగుంది.